మూడు వారాలకే ఆగిపోయే నియమాలకు బదులుగా: భోజనంలోనూ కదలికలోనూ నిలిచే చిన్న అలవాట్లు

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీ వయసు నలభైకి దగ్గరపడింది, రోజుకు తొమ్మిది గంటలకు పైగా కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నారు, రెండేళ్లలో ఏడు కిలోలు పెరిగారు. ఇప్పటికి నాలుగుసార్లు కఠినమైన ఆహార నియమం పెట్టుకొని, జిమ్‌లో చేరి, నాలుగుసార్లూ నెల తిరగకముందే మానేశారు. ఈసారి సులువుగా ఉండి మానకుండా సాగే అలవాట్లు ఏవో చెప్పమని అడిగారు. వాటితో పాటు రోజుకు పదివేల అడుగులు తప్పనిసరా, రాత్రి భోజనం ఎన్ని గంటలకు ముగించాలి, ఫలితం వస్తోందని ఎలా తెలుసుకోవాలి అన్న మూడు ప్రశ్నలు కూడా వేశారు.

నేరుగా సమాధానం చెబుతాను. మొదటి నెలలో రెండంటే రెండే పనులు పెట్టుకోండి: రోజులో మీరు తినే పెద్ద భోజనం అయిన వెంటనే పది నిమిషాలు నడవండి, అదే భోజనంలో కంచంలో సగం భాగం కూరగాయలతో ముందుగా నింపుకోండి. ఆ రెండూ ఎవరూ గుర్తుచేయకుండానే జరుగుతున్నప్పుడు, సుమారుగా రెండో నెలలో, తాగే వాటిలోని చక్కెరను తగ్గించడం మొదలుపెట్టండి. మూడో నెలలో వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే పది పదిహేను నిమిషాల కసరత్తును చేర్చండి. ఇంతకన్నా వేగంగా వెళ్లాలని మీకు అనిపిస్తుంది, ముఖ్యంగా మొదటి వారంలో ఉత్సాహం ఎక్కువగా ఉన్నప్పుడు. ఆ వారంలోనే తొందరను ఆపుకోవడం అవసరం.

నేను ఇరవై రెండేళ్లుగా ఆహార సలహాదారుగా పనిచేస్తున్నాను. మొదటి ఐదారేళ్లు నా దగ్గరకు వచ్చినవారికి గంటగంటకూ ఏం తినాలో, ఎన్ని గ్రాములు తినాలో రాసిన పెద్ద పట్టిక ఇచ్చి పంపేవాడిని. పట్టికలో తప్పేమీ ఉండేది కాదు, కానీ రెండోసారి తిరిగి వచ్చేవారు చాలా తక్కువమంది. రానివారిలో కొందరికి ఫోన్ చేసి అడిగితే దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు: ఒకరోజు తప్పింది, మర్నాడు సిగ్గేసింది, ఆ తర్వాత మానేశాం. వారికి సంకల్పం లేదని అప్పట్లో అనుకున్నాను. అది నా పొరపాటు. ఇరవై మార్పులను ఒకే సోమవారం మొదలుపెట్టమని చెప్పిన సలహాలోనే లోపం ఉంది. మీరు నాలుగుసార్లు విఫలమయ్యానని రాశారు. నా దృష్టిలో మీరు ఒకే పద్ధతిని నాలుగుసార్లు ప్రయత్నించారు, ఆ పద్ధతి నాలుగుసార్లూ పనిచేయలేదు.

ఆ ఏడు కిలోలు ఎలా చేరాయో ఒకసారి లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు నిల్వలో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రెండేళ్ల మీద పంచితే సగటున రోజుకు ఓ డెబ్బై అయిదు కేలరీలు మీ ఒంట్లో నిల్వ పడ్డాయన్నమాట. అది రెండు చెంచాల నూనెకు కూడా తక్కువ. అంటే ఆ బరువు ఏ ఒక్క విందుతోనూ రాలేదు. మీరు గమనించనంత చిన్నవైన, రోజూ జరిగిన పనులతో వచ్చింది. తగ్గడం ఇదే లెక్కలో తిన్నగా సాగుతుందని మాత్రం అనుకోవద్దు. బరువు తగ్గుతున్నకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి మధ్యలో నెమ్మదించడం సహజం. అయినా వచ్చిన దారి ఎలాంటిదో తెలిస్తే, తిరిగి వెళ్లే దారి కూడా రోజువారీ చిన్న పనులదే అని నమ్మడం తేలికవుతుంది.

అలవాటు పడటానికి ఇరవై ఒక్క రోజులు చాలని మీరు విని ఉంటారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాల పాటు గమనించారు. ఒక్కొక్కరూ తినడానికో, తాగడానికో, వ్యాయామానికో సంబంధించిన ఒక పనిని ఎంచుకొని, రోజూ ఒకే సందర్భంలో చేశారు. ఆ పని ఆలోచించకుండా జరిగే స్థితికి చేరడానికి పట్టిన కాలంలో మధ్యస్థం 66 రోజులు, అంటే సగం మందికి అంతలోపు, సగం మందికి అంతకు మించి పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా తేలింది. ఇందులో మీకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది: మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. మూడు వారాలకే ఇంకా కష్టంగా ఉందని మానేసినవారు, నిజానికి దారి మధ్యలో ఉన్నప్పుడు వెనక్కి తిరిగారు.

అలవాటు ఎంత పెద్దదన్నదాని కంటే అది రోజులో ఏ పని వెంట వస్తుందన్నది ముఖ్యం. "రోజూ అరగంట నడుస్తాను" అనుకున్నది సాధారణంగా జరగదు, ఎందుకంటే ఆ అరగంటకు రోజులో చోటు లేదు. "తిన్న కంచం కడిగి పెట్టగానే చెప్పులు వేసుకుంటాను" అనుకున్నది జరుగుతుంది, ఎందుకంటే కంచం కడగడం ఎలాగూ జరుగుతుంది. లెక్కల విభాగంలో పనిచేసే ఒక మహిళ మూడేళ్లపాటు నడకకు సమయం లేదని నాతో చెప్పారు. ఆమె ప్రతి సాయంత్రం తల్లితో ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడతారని మాటల్లో తెలిసింది. ఆ ఫోన్ కూర్చుని మాట్లాడవద్దని, నడుస్తూ మాట్లాడమని మాత్రం చెప్పాను. ఇప్పటికి ఆరేళ్లు దాటింది, ఆ నడక ఆగలేదు. మరొకరు దూరప్రయాణాల వాహనం నడిపేవారు. ఆయన రోజుకు పదకొండు గంటలు కూర్చునే ఉంటారు. బండి ఆపిన ప్రతిసారీ దాని చుట్టూ ఐదుసార్లు వేగంగా తిరిగి, ఆ తర్వాతే మళ్లీ ఎక్కాలని పెట్టుకున్నారు. చెప్పుకోవడానికి చాలా చిన్న పని, కానీ ఆయన రోజుకు ఎనిమిదిసార్లు ఆపుతారు.

అలసిపోయిన రోజుకూ, వాన పడిన రోజుకూ, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేని రోజుకూ ఆ అలవాటుకు ఒక కనీస రూపాన్ని ముందే నిర్ణయించుకోండి. పది నిమిషాల నడక కుదరకపోతే ఇంట్లోనే రెండు నిమిషాలు తిరగండి. ఆ రెండు నిమిషాల వల్ల ఆరోగ్యానికి వచ్చే లాభం స్వల్పమే. కానీ మర్నాడు మీరు కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు, కొనసాగిస్తే సరిపోతుంది.

ఇక నడకను భోజనం తర్వాతే ఎందుకు పెట్టమన్నానో వివరిస్తాను. తిన్న తర్వాత అరగంట నుంచి గంటన్నర లోపల రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. కండరాలు కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకోగలవు. కాళ్ల కండరాలు ఒంట్లోకెల్లా పెద్దవి కాబట్టి మామూలు నడకతోనే ఈ పని బాగా జరుగుతుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, టైప్ 2 మధుమేహం ఉన్న 41 మందిని కొన్ని రోజులు రోజుకు ఒకసారి వీలున్నప్పుడు 30 నిమిషాలు, మరికొన్ని రోజులు ప్రతి ప్రధాన భోజనం తర్వాత 10 నిమిషాల చొప్పున నడిపించి పోల్చారు. నడిచిన మొత్తం సమయం ఒకటే అయినా, భోజనం తర్వాత నడిచిన రోజుల్లో తిన్నాక పెరిగే గ్లూకోజు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే ఆ తేడా 22 శాతం. మీకు మధుమేహం లేకపోయినా శరీరం పనిచేసే తీరు ఇదే. కడుపు నిండా తిని వేగంగా నడిస్తే కొందరికి ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి మొదటి ఐదు నిమిషాలు తీరిగ్గానే నడవండి.

పదివేల అడుగుల సంగతికి వస్తాను. ఈ సంఖ్య ఏ వైద్య పరిశోధనలోనూ పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక గడియారాల సంస్థ అడుగులు లెక్కించే పరికరాన్ని "మన్పో-కేయ్" అనే పేరుతో అమ్మింది. ఆ మాటకు పదివేల అడుగుల కొలమానమని అర్థం. పేరులోని సంఖ్యే లక్ష్యంగా స్థిరపడిపోయింది. అడుగులను నిజంగా కొలిచిన అధ్యయనాలు తర్వాత చాలా వచ్చాయి. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న మహిళలను గమనించిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 వేసేవారిలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. 7,500 దాటాక అదనపు తేడా పెద్దగా కనబడలేదు. 15 అధ్యయనాలను కలిపి 2022లో చేసిన విశ్లేషణలో, 60 ఏళ్లు దాటినవారికి 6,000 నుంచి 8,000 అడుగుల దగ్గర, అంతకన్నా చిన్నవారికి 8,000 నుంచి 10,000 దగ్గర లాభం నిలకడకు వచ్చింది. ఇలాంటి పరిశీలనల్లో ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ నడుస్తారన్న చిక్కు కొంత ఉంటుందని గుర్తుంచుకోవాలి. అయినా మీలాగా తక్కువ కదిలేవారికి వీటి నుంచి తేలేది స్పష్టంగానే ఉంది: మొదట చేర్చే రెండువేల అడుగులే అన్నిటికన్నా విలువైనవి. ఇప్పుడు మీ సగటు ఎంతో ఒక వారం గమనించి, దానికి వెయ్యి మాత్రమే కలిపి ఆ నెల లక్ష్యంగా పెట్టుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ గానీ, వాటితో పాటు రెండు రోజులు కండరాల వ్యాయామం కూడా ఉండాలని చెబుతున్నాయి. మధ్యస్థ శ్రమ అంటే ఎంతో తెలియడానికి పరికరం అక్కర్లేదు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. 2010 నాటి మార్గదర్శకాల్లో ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న షరతు ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. మూడు నిమిషాలు మెట్లు ఎక్కినా లెక్కలోకి వస్తుంది. సమయం లేదని చెప్పే మీలాంటివారికి ఈ మార్పు చాలా మేలు చేసేది, అయినా చాలామందికి ఇప్పటికీ తెలియదు.

కూర్చునే ఉద్యోగం గురించి మీరు పడుతున్న ఆందోళన న్యాయమైనదే. 1953లో జెర్రీ మారిస్ అనే వైద్యుడు లండన్ బస్సుల్లో పనిచేసేవారిని పరిశీలించి, రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సుల్లో మెట్లు ఎక్కిదిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందని చూపించారు. కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని వైద్యలోకం గట్టిగా పట్టించుకోవడం అక్కడి నుంచే మొదలైంది. పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారిలో కూడా 60 నుంచి 75 నిమిషాల మధ్యస్థ శ్రమ చేసేవారికి కూర్చోవడం వల్ల పెరిగే మరణాల ముప్పు దాదాపుగా కనబడలేదు. ఇప్పుడే అంత శ్రమ మీకు సాధ్యం కాదు, అవసరమూ లేదు. గంటకొకసారి లేవడానికి అలారం పెట్టుకోమని నేను చెప్పను. రెండో వారానికల్లా దాన్ని ఆపేసి పనిలో పడిపోతారు. దానికి బదులు చిన్న నీళ్ల సీసా పెట్టుకోండి. అది త్వరగా ఖాళీ అవుతుంది, నింపడానికి మీరే లేస్తారు, తాగినందుకు మరోసారి కూడా లేస్తారు.

కంచం విషయానికి వద్దాం. కూరగాయలను ముందుగా వడ్డించుకోమనడంలో నా ఉద్దేశం, మిగతావాటికి చోటు దానంతట అదే తగ్గాలని. ఏదీ మానమని మీకు చెప్పడం లేదు. సగం కంచం నిండాక మిగిలిన సగంలో ఒక పావు ధాన్యం, ఒక పావు మాంసకృత్తులు ఉన్న పదార్థం పెట్టుకోండి. పప్పుధాన్యాలు, గుడ్లు, చేపలు, మాంసం, పెరుగు వంటివాటిలో మీ అలవాటుకు ఏది సరిపోతే అది తీసుకోవచ్చు. కూరగాయల్లో నీరూ పీచూ ఎక్కువ కాబట్టి పరిమాణం ఎక్కువైనా కేలరీలు తక్కువే ఉంటాయి. కడుపు నిండిన భావన చాలావరకు పరిమాణాన్ని బట్టే వస్తుంది. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు, 25 గ్రాముల పీచు పదార్థం తీసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బంగాళాదుంప వంటి పిండి దుంపలు ఈ 400 గ్రాముల్లోకి రావు, వాటిని ధాన్యం వైపు లెక్కించాలి. ఇప్పటిదాకా పీచు తక్కువగా తినేవారు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం వస్తుంది. రెండు వారాలు తీసుకొని పెంచండి, నీళ్లు కూడా సరిపడా తాగండి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. కూరగాయలను నూనెలో ముంచితే లెక్కంతా తారుమారవుతుంది. పెద్ద చెంచాడు నూనెలో, అంటే 15 మిల్లీలీటర్లలో, సుమారు 120 కేలరీలు ఉంటాయి. మీరు పది నిమిషాల నడకలో ఖర్చు చేసేది దాదాపు నలభై మాత్రమే. మంచి నూనె అయినా చెడ్డ నూనె అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే. వంట చేసేటప్పుడు కొలవమని చెబితే ఎవరూ రెండు రోజులకు మించి కొలవరు, అందుకే నేను వేరే దారి చెబుతాను: నూనె సీసా తెరిచిన రోజున దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజున, సీసాలోని నూనె మొత్తాన్ని అది వచ్చిన రోజుల సంఖ్యతోనూ, ఇంట్లో తినేవారి సంఖ్యతోనూ భాగించండి. ఆ అంకెను చూసి ఆశ్చర్యపోనివారిని నేను అరుదుగా చూశాను. తర్వాతి సీసా నాలుగు రోజులు ఎక్కువ రావాలని ఇంటిల్లిపాదీ కలిసి అనుకుంటే చాలు. ఇందులో మరో మంచి ఉంది. వంట చేసే ఒక్కరి మీదే భారం పడదు.

ఉప్పుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. నలుగురు పెద్దలున్న ఇంట్లో రోజుకు 20 గ్రాముల చొప్పున కిలో ఉప్పు 50 రోజులు రావాలి. బయట తినేవాటిలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ రోజులు రావాలి. మీ ఇంట్లో ముప్పై రోజులకే అయిపోతోందంటే ఎక్కడ తగ్గించాలో వెతకాల్సిందే. సోడియం తగ్గించిన ఉప్పు వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. వాటిలో సోడియానికి బదులు పొటాషియం ఉంటుంది. చాలామందికి అది మంచిదే కానీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారూ వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు, వారికి అది ప్రమాదకరం కావచ్చు.

తాగే చక్కెరను రెండో నెలకు ఎందుకు వాయిదా వేశానంటే, అది రుచికి సంబంధించిన మార్పు, దానికి ఓపిక కావాలి. రోజుకు నాలుగు కప్పుల టీయో కాఫీయో, కప్పుకు రెండు చెంచాల చక్కెరతో తాగితే దాదాపు 32 గ్రాములవుతుంది. విడిగా చేర్చే చక్కెర నుంచి వచ్చే శక్తి మొత్తం శక్తిలో పది శాతం లోపు, వీలైతే అయిదు శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు రెండువేల కేలరీలు తినేవారికి ఆ రెండు హద్దులూ 50 గ్రాములు, 25 గ్రాములు. తేనె, పండ్లరసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి, పండు మాత్రం రాదు, ఎందుకంటే అందులో పీచుతో కలిసి ఉన్న చక్కెర నెమ్మదిగా ఒంటబడుతుంది, పైగా మూడు పండ్ల రసాన్ని ఒక్క గుక్కలో తాగగలం కానీ మూడు పండ్లు అంత తేలిగ్గా తినలేం. ఒక్కసారిగా చక్కెర మానేసినవారు ఎక్కువమంది నెల లోపే తిరిగి మొదలుపెట్టడం చూశాను. పది రోజులకు పావు చెంచా చొప్పున తగ్గించినవారికి మూడో నెలలో పాత తీపి తాగితే వెగటుగా అనిపించింది.

పొట్లాల్లో వచ్చే చిరుతిళ్ల గురించి మీరు అడగలేదు, కానీ ఆఫీసులో సాయంత్రం అవే తింటానని రాశారు కాబట్టి చెబుతున్నాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తయారీ ఆహారం, రెండు వారాలు మామూలు వంట ఆహారం ఇచ్చింది. పెట్టినవాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు దాదాపు సమానంగా ఉండేలా చూసి, కావలసినంత తినమన్నారు. తయారీ ఆహారం ఇచ్చిన రోజుల్లో వారు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో సుమారు 0.9 కిలో పెరిగారు. తిన్న వేగం కూడా ఎక్కువగా ఉంది. 2019లో వచ్చిన ఈ ఫలితం చూశాక, పొట్లం చేతిలో ఉన్నప్పుడు నిగ్రహించుకోమని చెప్పడం నేను పూర్తిగా మానేశాను. చేతికి అందే చోట అది లేకుండా చూసుకోవడమే తేలిక. బల్ల సొరుగులో పిడికెడు గింజలో, ఒక పండో ఉంచుకోండి. పొట్లం కావాలంటే లేచి వెళ్లి కొనుక్కోవాల్సి వచ్చేలా చేయండి. నిజంగా తినాలనిపించిన రోజున వెళతారు, తప్పులేదు. ఊరికే చేయి పోయే రోజులే ఎక్కువ, అవి తగ్గుతాయి.

కండరాల పని గురించి కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే నడకతో సరిపెట్టుకునేవారు ఎక్కువ. ముప్పైలు దాటాక కండరాల మొత్తం నెమ్మదిగా తగ్గుతూ, అరవై తర్వాత ఆ తగ్గుదల వేగం పుంజుకుంటుంది. నడక గుండెకూ ఊపిరితిత్తులకూ మంచిది కానీ ఆ నష్టాన్ని పూరించలేదు. బరువులు ఎత్తే పరికరాలేమీ అక్కర్లేదు. చేతులు వాడకుండా కుర్చీలో నుంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పదిసార్లు ఒంటిని ముందుకు వంచి వెనక్కి నెట్టడం, ఇవి రెండూ రెండు విడతలు చేస్తే కసరత్తు మొదలుపెట్టిన నెలకు సరిపోతుంది. సులువైపోగానే కుర్చీ ఎత్తు తగ్గించండి, గోడ నుంచి బల్లకు, బల్ల నుంచి నేలకు మారండి. కష్టం పెరగకపోతే కండరం పెరగదు. అరవై ఎనిమిదేళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడొకరు నా దగ్గరకు వచ్చినప్పుడు ఆసరా లేకుండా కుర్చీలో నుంచి లేవలేకపోయేవారు. నాలుగు నెలల తర్వాత మనవరాలిని ఎత్తుకొని మెట్లెక్కానని చెప్పడానికే ప్రత్యేకంగా వచ్చారు. ఆయన బరువు ఆ నాలుగు నెలల్లో ఒక్క కిలో మాత్రమే తగ్గింది. మాంసకృత్తులు కూడా తగినంత ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి శరీర బరువులో కిలోకు కనీసం 0.8 గ్రాము, అంటే 70 కిలోల మనిషికి 56 గ్రాములు కావాలి. దాన్ని ఒకే పూట కాకుండా పూటపూటకూ పంచుకుంటే కడుపు నిండుగా ఉంటుంది.

రాత్రి భోజనానికి ఫలానా గంట అంటూ ఒకటి లేదు. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు ముగిస్తే ఛాతీలో మంట, పులితేన్పులు తగ్గుతాయి, నిద్ర బాగా పడుతుంది. మీరు ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తారు కాబట్టి గంట కోసం ఆరాటపడకుండా, సాయంత్రం కొంచెం తిని రాత్రి భోజనాన్ని తేలిక చేసుకోండి. దీనికన్నా మీ నిద్ర నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. అయిదు గంటలే పడుకుంటున్నానని మాటల మధ్యలో రాశారు. నిద్ర తగ్గించినప్పుడు ఆకలిని అణచే లెప్టిన్ తగ్గి, ఆకలిని పెంచే గ్రెలిన్ పెరిగినట్టు షికాగో విశ్వవిద్యాలయం 2004లో చూపించింది. అది కొద్దిమంది యువకుల మీద చేసిన చిన్న ప్రయోగమే, కానీ నిద్ర చాలని రోజున తీపికీ నూనె పదార్థాలకూ చేయి పోవడం నా దగ్గరకు వచ్చేవారు పదేపదే చెప్పే సంగతి. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. మొదట, ఇప్పుడు పడుకునే సమయం కన్నా ఇరవై నిమిషాలు త్వరగా పడుకోండి.

కొందరు మాత్రం ఇవేవీ మొదలుపెట్టకముందే వైద్యుణ్ణి కలవాలి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు నడకా ఆహారమూ మార్చితే గ్లూకోజు మరీ పడిపోవచ్చు, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగుతు, అలవాటు లేని ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి చూపించుకోండి. గర్భిణులకూ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ పైన చెప్పిన మాంసకృత్తుల లెక్క వర్తించదు. గతంలో తిండి విషయంలో తీవ్రమైన మానసిక ఇబ్బంది పడినవారు కేలరీల జోలికి పోకుండా, నిపుణుల తోడుతోనే ముందుకు వెళ్లడం మంచిది.

చివరిగా, ఫలితం ఎలా తెలుస్తుందన్నారు. రోజూ బరువు చూసుకోవద్దు. ఒంట్లో నీటి వల్లా, ముందురోజు తిన్న ఉప్పు వల్లా ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ కావడం మామూలు, ఆ అంకె మిమ్మల్ని అనవసరంగా బాధపెడుతుంది. రెండు వారాలకొకసారి ఉదయం, ఏమీ తినకముందు, టేపుతో నడుము కొలవండి. నడుము కొలత మీ ఎత్తులో సగానికి తక్కువ ఉండటం మంచి గుర్తు. ఎప్పుడూ ఎక్కే మెట్లను ఆగకుండా ఎక్కగలుగుతున్నారా, మధ్యాహ్నం భోజనం తర్వాత వచ్చే మగత తగ్గిందా అన్నవి నడుము కంటే ముందే, తరచుగా రెండో మూడో వారంలోనే తెలుస్తాయి. ఒక కాగితం మీద నెల రోజులకూ గడులు గీసుకొని, నడిచిన రోజున ఒక గీత పెట్టండి; ముప్పైకి ఇరవై రెండు గీతలు ఉంటే ఆ నెల బాగా సాగినట్టే. నాలుగు వారాల తర్వాత ఎన్ని గీతలు పడ్డాయో, నడుము ఎంత ఉందో, నూనె సీసా ఎన్ని రోజులు వచ్చిందో ఈ మూడూ ఇక్కడ రాయండి. వాటిని చూసి, రెండో నెలలో చక్కెర మొదలుపెట్టాలా, లేక నడకనే మరికొన్ని వారాలు గట్టిపరచాలా చెబుతాను.